పాటల పద్దు

ఇల్లాండ్రమైన మనకు పద్దు వ్రాయుట క్రొత్త పని కాదు. పాలవాని లెక్క, చాకలి లెక్క, చీటీ పాట వాయిదా, గ్యాసు బండ వచ్చిన తేది, ఇవి వ్రాసికొనకున్న నెల గడవదు. మా యింట అట్టి పుస్తకములు ఏటి కొకటి చొప్పున అటక చేరినవి. మొన్న అటక దులుపుచుండగా 2023వ సంవత్సరపు పుస్తకము చేతికి వచ్చినది. ముందు నుండి చూచిన పాలు, బియ్యము, కందిపప్పు. వెనుక నుండి త్రిప్పి చూచిన పాటలు. ఆ యేడు నా మనస్సున కెక్కిన పాట వినినప్పుడెల్ల పుస్తకము వెనుక వైపున తేదియు, పేరును, ఒకటి రెండు మాటలును వ్రాసి యుంచితిని. చీటీ పాట యొక వైపు, చెవికింపైన పాట యొక వైపు! ఆ పద్దును నేడు మీ ముందు చదువ దలచితిని.

ముందుగా నా యోగ్యత చెప్పుకొనవలెను. నేను విదుషీమణిని గాను. చిన్ననాట మా అమ్మ నేర్పిన మంగళహారతులు, నాలుగు కీర్తనలు తప్ప నాకు సంగీతము రాదు. శాస్త్రీయ మెక్కువ, సినిమా తక్కువ, పల్లెపాట మోటు, విదేశపు పాట విడ్డూరము అను భేదములు మా యింట చెల్లవు. మా అమ్మాయి యొకటి వినును, మా అత్తగా రొకటి వినును, వంటయింటి గోడ కివతల నిలిచి నే నన్నియు విందును. ఏ పాట వినుచు పొయ్యిమీది కూర మాడినదో ఆ పాట నాకు నచ్చినట్లు లెక్క. ఈ కొలత శాస్త్రసమ్మతము కాకపోవచ్చును గాని, మీలో పెక్కుమందికి అనుభవసిద్ధమే యగును.

మొదటి పద్దు జనవరి 11వ తేది. ఆ తెల్లవారుజామున “నాటు నాటు” పాటకు అమెరికాలో గోల్డెన్ గ్లోబు బహుమానము వచ్చినదని మా అమ్మాయి కేక వేసినది. చంద్రబోసు వ్రాత, కీరవాణి బాణీ, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవల గళములు, ప్రేమ్ రక్షిత్ కూర్చిన అడుగులు. మార్చి 13 ఉదయము, మన లెక్కకు, ఆస్కారు కూడ దానికే వచ్చెను. భారతదేశపు చిత్రములోని పాట కా బహుమానము వచ్చుట అదియే మొదలు. పచ్చిమిరపకాయ, మట్టి, మేళము తెలిసిన మోటు తెలుగు మాటలకు ప్రపంచమంతయు అడుగు కలిపినందుకు సంతోషించితిని. ఆ నృత్యమును చిత్రించినది ఉక్రెయిన్ దేశమున కీవు నగరములో, అచ్చటి మారిన్‌స్కీ ప్రాసాదము ముందర, 2021లో. 2022 మార్చిలో చిత్రము విడుదలయగు నాటికే ఆ నగరముపై యుద్ధము వచ్చి పడినది. పిల్లలు ఆ పాట కెగురుచుండగా ఆ ప్రాసాదము నేమయి యున్నదో యని చూపు దాని మీదకే పోయెడిది.

ఆస్కారు వేదికపై కీరవాణిగారు తాము కార్పెంటర్ల పాటలు వినుచు పెరిగితినని చెప్పి, వారి పాట యొకదాని బాణీలోనే కృతజ్ఞత పాడిరి. వడ్రంగుల యింటి ప్రక్కన పెరిగిరి కాబోలు, ఉలి చప్పుడు వారికి తాళము నేర్పినదని నేననుకొంటిని. మా అమ్మాయి విరగబడి నవ్వి, “కార్పెంటర్లంటే వాళ్ల ఇంటిపేరమ్మా! అన్నా చెల్లెలూ” అనెను. అన్నగారు రిచర్డు పియానో వాయించును, చెల్లెలు కేరెన్ పాడును. ఆ పాట వినిపించినది. ఎంత నిబ్బరమైన గొంతుక! అన్న వాయించగా చెల్లెలు పాడుట యను మాట విని నా మనస్సెటో పోయినది. నాకును ఒక అన్నయ్య యున్నాడు. ఆ వార్తలు విన్న రెండు నాళ్లును అతనితో చెప్పవలెనని ఫోను తీసి, మరల పెట్టివేసితిని. కారణము ముందు చెప్పెదను.

ఫిబ్రవరి పుటలో రెండు పేర్లున్నవి. 2వ తేదిని దర్శకులు కె. విశ్వనాథ్‌గారును, 4వ తేదిని గాయని వాణీ జయరాంగారును గతించిరి. 1980లో “శంకరాభరణము” విడుదలైనదియు ఫిబ్రవరి 2వ తేదియే. ఆ చిత్రములోని పాటలకు వాణీ జయరాంగారికి జాతీయ బహుమానము వచ్చినది. పిమ్మట “స్వాతి కిరణము”నకును వచ్చినది. పుట్టుక వేలూరు, మాతృభాష తమిళమైనను, ఆమె నోట తెలుగు అక్షరము కడిగిన ముత్యము. పద్మభూషణ బిరుదు ప్రకటించి పది దినములు నిండలేదు, అంతలోనే వెళ్లిపోయిరి. ఇంకొక వింత. కార్పెంటర్ల చెల్లెలు కేరెన్ ముప్పదిరెండేండ్ల వయస్సున గతించినది 1983 ఫిబ్రవరి 4. సరిగా నలువది యేండ్లకు అదే తేదిని మన వాణి మూగవోయినది. లోకమున తేదులు కలియుట కర్థ మేమియు లేదు. అయినను పద్దు వ్రాయువారి కంటి కవి కనబడును.

“శంకరాభరణము” మా కుటుంబమున నొక సంఘటన. నాకప్పు డారేండ్లు, అన్నయ్యకు పది. అమ్మ మమ్ము రాజమహేంద్రవరములో ఆ చిత్రమునకు ముమ్మారు తీసికొని పోయినది. మూడవసారి చూచి వచ్చిన రాత్రి అన్నయ్య, అమ్మ పుట్టింటి నుండి తెచ్చుకొన్న హార్మోనియము పెట్టె ముందు కూర్చుండి, “నాకు నేర్పవే” యని యడిగెను. అమ్మ నేర్పెను. అది మొదలు సాయంకాలము దీపము పెట్టిన పిదప అమ్మ పాట, అన్నయ్య పెట్టె. నేను దీపపు వత్తులు చేయుచు వినెడిదానను.

ఆ నెలలోనే మా అమ్మాయి పద్దున చేర్చిన పాట అమెరికా గాయని మైలీ సైరస్ పాడిన “ఫ్లవర్స్”. జనవరిలో వచ్చి లోకమంతయు మారుమ్రోగినది. కాపురము చెడిన యొక స్త్రీ, తనకు కావలసిన ఆదరణ తానే చేసికొనగలనని చెప్పుకొనుట దాని సారము. మా అత్తగారు అర్థ మడుగగా అమ్మాయి చెప్పినది. ఆమె హనుమకొండ మనిషి. ఏ మాత్రము విస్తుపోలేదు. “దాంట్ల కొత్తేముంది బిడ్డా? బతుకమ్మకు పువ్వులు నేనేనాడన్న ఒకల్ల నడిగిన్నా? చెల్కల పొంటి తిరిగి నేనే తెంపుకచ్చిన” అనిరి. ఆ దేశపు పాటకు అంతకంటె మంచి వ్యాఖ్య నే నెచ్చటను చదువలేదు.

మార్చిలో మా బంధువుల యింట పెండ్లి. ఆ నెలలో ఏ పెండ్లి యూరేగింపున చూచినను “చమ్కీల అంగీలేసి” యను పాటయే. “దసరా” చిత్రములోనిది. కాసర్ల శ్యాం వ్రాసినది, సంతోష్ నారాయణన్ బాణీ కట్టినది, రామ్ మిరియాల, ధీ పాడినది. డప్పు వంటి దరువు. కాలు నిలువదు. మాటలు చెవిని పెట్టినచో మాత్రము, త్రాగి యిల్లు చేరు మగనిని గూర్చి యొక యిల్లాలు తన వదినెతో మొర పెట్టుకొనుచున్నది. పెండ్లికొడుకు స్నేహితులు అదియే పాటకు చిందులు వేయుచుండగా, ఆడువారము మేము ఒకరి మొగ మొకరము చూచుకొని నవ్వుకొంటిమి. మన పల్లెపాటల కీ గుణ మెన్నడును కలదు. ఏడువవలసిన మాటను ఎగురవలసిన దరువున చెప్పుట. వదినెతో మొర పెట్టుకొను భాగ్యము గూర్చి నేను పుస్తకమున వ్రాసి, మరల కొట్టివేసినట్లు కనబడుచున్నది.

ఏప్రిలు పుటలో ఒక్కటే పేరు, “బలగం”. మార్చి 3న విడుదలైన యీ చిత్రమును అంతవరకు హాస్యనటుడుగా మన మెరిగిన వేణు యెల్దండి తీసెను. భీమ్స్ సిసిరోలియో సంగీతము. పెద్దవా డొకడు చనిపోవును. కాకికి పెట్టిన పిండమును కాకి ముట్టదు. ఏల ముట్టదనిన, ఇంటి యాడపడుచు ఇరువది యేండ్లుగా పుట్టింటికి దూరమై యున్నది. కారణ మేమి? విందులో మాంసపు టెముక, నల్లిబొక్క, తనకు వడ్డించలేదని అల్లుడు పూనిన అలక. చివర పెద్దకర్మ నాడు బుడగజంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్యలు వచ్చి, పోయినవాని తరపున కుటుంబమును పేరుపేరున పలుకరించుచు పాడుదురు. వారు నటకులు కారు. ఊరూర కథలు పాడి జీవించు వరంగల్లు సీమ జానపదులు. వేదికల సంగీతమునకు కరగని నా బోటి మూర్ఖులును ఆ పాటకు కరగిరి. ఆ వేసవిని తెలంగాణపు పల్లెలలో రచ్చబండ యొద్ద తెర కట్టి ఈ చిత్రమును ఊరంతయు కలిసి చూచినది.

మేము ఇంటనే చూచితిమి. పాట ముగిసినది. మా వారు కండ్లద్దములు తుడుచుకొనుచుండిరి. మా అత్తగారు నా వైపు తిరిగి, “బిడ్డా, మీ అన్నతోని మాట్లాడి ఎన్నేండ్లాయె?” అని మెల్లగా నడిగిరి.

పదునొకండేండ్లు. 2012లో మా అమ్మ పోయినది. సంవత్సరీకము కాకముందే అన్నయ్య ఆ హార్మోనియము పెట్టెను ఊరి రామాలయపు భజన మండలి కిచ్చివేసినాడని పెద్దమ్మ వలన వింటిని. నాతో నొక్క మాట చెప్పలేదు. ఇల్లు, పొలము, నగలు, దేనిని గూర్చియు నేను నోరెత్తలేదు. ఆ పెట్టె మాత్రము నాదనుకొంటిని. ఫోనులో అనరాని మాటలంటిని. వదినెగారిని కూడ కలిపి యంటిని. అతడు బదులు చెప్పలేదు. బదులు చెప్పకుండుట గర్వమనుకొంటిని. ఆ మీద మేనల్లుని ఒడుగునకు శుభలేఖ వచ్చినను పోలేదు. మొదట కోపము, పిమ్మట సిగ్గు, ఆ మీద అలవాటు. ఆ యింట నల్లిబొక్క, మా యింట హార్మోనియము. సినిమాలో అల్లుని చూచి “ఇంత చిన్నదానికా!” యని నేను నవ్వితిని గదా, ఆ నవ్వు నా గొంతుననే యడ్డుపడినది.

అయినను వెంటనే ఫోను చేసితినని చెప్పిన అబద్ధమగును. మనసు కరుగుట వేరు, చేయి కదలుట వేరు. ఏప్రిలు పోయినది, మే పోయినది. ఆ వేసవి యంతయు తెల్లవారుజామున నేను వినినది బొంబాయి జయశ్రీగారి పాట. ఆ మార్చిలోనే మదరాసు సంగీత అకాడమి ఆమెకు సంగీత కళానిధి బిరుదు ప్రకటించినది. కొలది దినములకే ఆమె ఇంగ్లండులో లివర్‌పూలు నగరమున తీవ్రముగ జబ్బు పడిరి. “లైఫ్ ఆఫ్ పై” యను చిత్రమున ఆమె పాడిన తమిళపు జోలపాట ఆస్కారు పోటీకి నిలిచిన సంగతి మీ రెరుగుదురు. ఆ జోలను వినుచు, పాడిన తల్లికే నిద్రయు నెమ్మదియు కలుగుగాక యని కోరుకొంటిని. ఆమె కోలుకొనిరి. 2024 జనవరి 1న ఆ బిరుదు నందుకొనిరి.

పిల్లల పాటలను వదలిన అమ్మాయి యూరకుండదు. జూలైలో వచ్చిన “బేబి” చిత్రములో విజయ్ బుల్గానిన్ బాణీకి పి.వి.ఎన్.ఎస్. రోహిత్ పాడిన “ప్రేమిస్తున్నా”, డిసెంబరులో వచ్చిన “హాయ్ నాన్న” చిత్రములో మలయాళ దేశపు హేషం అబ్దుల్ వహాబ్ సంగీతమున అనురాగ్ కులకర్ణి, సితార కృష్ణకుమార్ పాడిన “సమయమా”. మొదటిదానిలో యువకుని యావేశ మున్నది. రెండవదానిలో కాలమును కొంచె మాగుమని బ్రతిమాలు నెమ్మది యున్నది. నా వయస్సునకు రెండవదియే సరిపడినది. కూర మాత్రము రెండింటికిని మాడినది.

ఆగస్టు 6న గద్దరు చనిపోయెను. ఆయన రాజకీయములతో నందరును ఏకీభవించిరని కాదు. గొంగడి భుజమున వేసికొని, కాలి గజ్జె కట్టి, ఆయన పాడినప్పుడు వినకుండ పోయినవారు మాత్రము లేరు. ఆ వారమంతయు మా వీధిలో ఆయన పాటలే. అందొకటి, 1995లో “ఒరేయ్ రిక్షా” చిత్రమునకు ఆయన వ్రాయగా వందేమాతరం శ్రీనివాస్ పాడినది. తోడబుట్టిన చెల్లెలి ఋణమును అన్న తలచుకొను పాట. దానికి నంది బహుమతి ప్రకటింపగా ఆయన తీసికొనలేదు. పోరాటపు పాటలు వ్రాసిన చేయి అంత మెత్తని పాట వ్రాసినదా యని ఆశ్చర్యము. నా పుస్తకమున ఆ తేది ప్రక్కన మాట యేమియు లేదు. ఒక నీటి మరక యున్నది. చారు తొలికినదని చెప్పిన మీరు నమ్మవచ్చును.

ఆగస్టు 30 రాఖీ పున్నమ. మా అమ్మాయి తన పినతండ్రి కొడుకునకు రాఖీ కట్టి వచ్చి, “నీ సంగతేమిటమ్మా?” యని యడిగినది. ఈ మారు ఫోను పెట్టివేయలేదు. అటు తీసినది వదినెగారు. నా గొంతు విని ఒక నిమిషము మాటలేదు. పిమ్మట, “ఎవరూ, నువ్వా అమ్మాయ్! ఉండు, మీ అన్నయ్యను పిలుస్తాను. పెట్టేయకేం!” అనిరి. పదునొకండేండ్ల మాటకు ఆమె యిచ్చిన బదులంతే. అన్నయ్య వచ్చెను. ఏమి మాటాడవలెనో ఇద్దరకును తెలియలేదు. చివరకు, “నాటు నాటుకి ఆస్కారొచ్చిందిరా అన్నయ్యా” యంటిని. “ఆఁ, వచ్చింది. నీకు ఫోన్ చేద్దామనుకున్నాను” అనెను.

అక్టోబరులో బతుకమ్మ పండుగకు వారిద్దరును మా యింటికి వచ్చిరి. బతుకమ్మ ఆడపడుచులు పుట్టింటికి పోవు పండుగ. నాకు మాత్రము పుట్టిల్లే నడచి వచ్చినది. తంగేడు, గునుగు, బంతి, చేమంతి పేర్చి, సద్దుల నాడు మా వీధి స్త్రీలందరును వలయముగా తిరుగుచు పాడిరి. ఒకతె యెత్తుకొనును, తక్కినవారందుకొందురు. వ్రాసిన వారెవరో, బాణీ కట్టిన వారెవరో తెలియదు. బహుమానములు లేవు. ఏ యేటి మేటి పాటల పట్టికలోను దాని పేరుండదు. కాని ప్రతి యేడును అది వచ్చితీరును. గోదావరి యొడ్డున పెరిగిన మా వదినెగారు రెండు చుట్లు తప్పటడుగు వేసి, మూడవ చుట్టున చప్పట్లు కలిపిరి.

ఆ రాత్రి అన్నయ్య తనంతట తానే చెప్పెను. “అమ్మ పోయాక ఆ పెట్టె మూత తీయలేకపోయానే. ఎదురుగా ఉంటే చూడలేను. చెద పడుతోంది. గుళ్లో అయితే ఎవరో ఒకరు వాయిస్తారు కదా అని ఇచ్చేశాను. నీకు చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పే.” నేనేమి యనగలను? గర్వమనుకొన్న మౌనము దుఃఖమని తెలియుటకు పదునొకండేండ్లు పట్టినది. పిమ్మట అతడు సంచిలోనుండి చేతిరుమాలులో చుట్టిన యొక క్యాసెట్టు తీసెను. మా మేనమామ 1982లో టేపురికార్డరు కొని తెచ్చి, ముచ్చటకు పట్టిన దట. అందున్నది మా అమ్మ పాట. అట్టిది యొకటి కలదని నే నెరుగనే యెరుగను.

నవంబరులో రెండు విదేశపు పాటలున్నవి. ఒకటి “ఫాస్ట్ కార్”. ట్రేసీ చాప్‌మన్ అను నల్లజాతి స్త్రీ 1988లో వ్రాసి పాడినది. త్రాగుబోతు తండ్రిని చూచుకొనుటకై చదువు మానిన యొక పేదపిల్ల, కారెక్కి యీ బ్రతుకునుండి దూరముగ పోవలెనని కనిన కల. ల్యూక్ కూంబ్స్ అను గాయకుడు 2023లో దానిని మరల పాడగా, అమెరికా వారి కంట్రీ సంగీత సంఘము నవంబరు 8న ఆ యేటి మేటి గీతముగ నెంచి చాప్‌మన్‌ను గౌరవించినది. ఆ బహుమానము పొందిన నల్లజాతి గీతకర్త ఆమెయే మొదలు. ముప్పదియైదేండ్ల పాటకు అప్పుడు పీట వేసిరి. మంచి పాట చద్ది కాదని మన వంటయింటి భాషలో చెప్పవలెను.

రెండవది నవంబరు 2న వచ్చిన బీటిల్స్ వారి “నౌ అండ్ దెన్”. అది వచ్చిన కథ పాటకంటె గొప్పది. 1970ల చివరను జాన్ లెన్నను తన యింట పియానో వాయించుచు నొక క్యాసెట్టులో పాడుకొనెను. 1980లో ఆయనను చంపివేసిరి. 1994లో ఆయన భార్య ఆ టేపును తక్కిన మిత్రుల కిచ్చినది. పియానో రొదలో గొంతు మునిగిపోవుటచే వారు విడిచివేసిరి. తుదకు యంత్రమునకు నేర్పిన తెలివితో గొంతును వాద్యమునుండి విడదీయ గలిగిరి. 2001లో పోయిన జార్జి హారిసను 1995లో వాయించిన గిటారును చేర్చి, బ్రతికియున్న ఇరువురు పూర్తి చేసిరి. చనిపోయినవా రిరువురు, ఉన్నవా రిరువురు కలిసిన పాట యది.

ఆ వార్త చదివి బెంగుళూరిలో నుద్యోగము చేయు మా మేనల్లుడు, “అత్తా, బామ్మ టేపును కూడా అలా చేయవచ్చు” నని కబురు పెట్టెను. డిసెంబరులో చేసి పంపెను. మొదట యంత్రము శుభ్రపరచినది వింటిని. పెట్టె చప్పుడు లేదు, బయట కుళాయి చప్పుడు లేదు. మా అమ్మ గొంతు మాత్రమే, నిన్ననే పాడినట్లు. అమ్మకు అప్పటికి నా వయస్సు కంటె తక్కువ. మంగళహారతి రెండవ చరణమున ఒక చోట ఆమె యాగి నవ్వును. ఎందుకు నవ్వినదో తెలియదు. ఎదుట నెవరును లేక ఒంటరిగ నవ్వినట్లున్నది. నా గుండె గుబేలుమనినది.

పిమ్మట పాత టేపునే వింటిని. రొద, కుళాయి, అన్నిటిపై హార్మోనియము. రెండవ చరణము వచ్చినది. పండ్రెండేండ్ల అన్నయ్య యొక మెట్టు తప్పి ప్రక్క మెట్టు నొక్కెను. అప్పుడు అమ్మ నవ్వెను. అప్పుడు గదా ఆ నవ్వునకు కారణము! వాని పెట్టెను తీసివేసిన ఆమె నవ్వు అర్థము లేనిదగుచున్నది. మేనల్లుని శ్రమను మెచ్చుకొని, రెండును దాచుకొంటిని. వినుట మాత్రము పాతదియే వినుచున్నాను. అన్నయ్యతో చెప్పగా, “ఆ తప్పు నాకింకా గుర్తే” యని నవ్వెను. సరిగా అమ్మ నవ్వే.

ఆ యేటి పద్దులో చివరి పంక్తి అది. డిసెంబరు 31. పాట మంగళహారతి. పాడినది అమ్మ. పెట్టె అన్నయ్య.

పుస్తకము మూసిన పిమ్మట జరిగినవి కొన్ని కలవు. బలగం మొగిలయ్య 2024 డిసెంబరులో చనిపోయెను. ఎందరి యిండ్లలోనో తెగిన మాటను కలిపిన గొంతుక. 2025 ఆగస్టులో ప్రకటించిన జాతీయ బహుమానములలో, “బలగం”లోని “ఊరు పల్లెటూరు” పాటకు కాసర్ల శ్యామునకును, “ప్రేమిస్తున్నా” పాడినందుకు రోహిత్తునకును వచ్చినవి. నా పద్దు తప్పు కాలేదని మా అమ్మాయి మెచ్చుకొన్నది. హార్మోనియము నేటికిని ఆ రామాలయముననే యున్నది. 2024 సంక్రాంతికి పోయినప్పుడు చూచితిని. ఎనిమిదేండ్ల పిల్ల యొకతె దానిపై సరళీస్వరములు వాయించుచు మెట్లు తప్పుచుండెను. అడుగవలెనని తోచలేదు.

సోదరీమణులారా, మీరును పద్దు పుస్తకము వెనుక నాలుగు పుటలు పాటలకు విడువుడు. ఇంటి పెద్దల గొంతు ఫోనులో నొకమారు పట్టి యుంచుడు. కుక్కరు కూతయు, పిల్లల యల్లరియు పడినను తుడిచివేయకుడు. మీలో నెవరికేని నా బోటి హార్మోనియ మొకటి అడ్డుగా నున్నచో, మరియొక పండుగ వరకు ఆగవలదు. అటు ఫోను తీయువారు, “పెట్టేయకేం!” అందురేమో!